ఆబాన్ ఇరవై

మొన్న డిసెంబరు మొదటి వారంలో యాప్రాల్‌లో మా చెల్లెలి మనవరాలు కొనుక్కున్న కొత్త ఫ్లాటుకు వెళ్ళాను. వంటింటి పక్క బాల్కనీలో, వాళ్ళ అత్తగారు ఊరి నుంచి తెచ్చుకున్న పాత బొంత ఒకటి పిట్టగోడ మీద ఎండకు వేసి ఉంది. పొద్దున పదిన్నర ఎండ దాని మీద సూటిగా పడుతోంది. దగ్గరికి వెళ్ళేసరికి ఆ వాసన వచ్చింది. ఎన్నో ఉతుకులకు మెత్తబడ్డ చీరల వాసన, అందులో కొంచెం తలనూనె, కొంచెం కట్టెల పొగ, అన్నిటి అడుగున వేడెక్కిన పాతగుడ్డకు మాత్రమే ఉండే పొడి వాసన. టీ చల్లారిపోతోందని ఆ పిల్ల రెండుసార్లు పిలిచింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

నేను డైరీ రాయడం 1949 జనవరిలో మొదలుపెట్టాను. అప్పటినుంచి జ్వరం వచ్చినా, ఇంట్లో మనిషి పోయినా రెండు వాక్యాలైనా రాయకుండా ఒక్క రోజూ గడవలేదు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం అంతకు ముందు నెలలో జరిగింది కనుక దీనికి కాగితం మీద ఆధారం లేదు. గుర్తున్నంత వరకే రాస్తాను.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. మారేడ్‌పల్లిలో ముందు వసారా, వెనక వసారా ఉన్న చిన్న పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. నాన్నగారు మిషను బడిలో లెక్కల మాస్టారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చి అప్పటికి మూడేళ్ళయింది. ఆయన పెన్సిలు చెక్కినా ఆ పొట్టు కాగితంలో పట్టి పారేసే మనిషి. గడియారానికి తాళం ఇవ్వడానికి ఒక వేళ, చెప్పులకు నూనె రాయడానికి ఒక వారం ఉండేవి. ఆదివారం ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆయనే. క్రిస్మస్ వస్తోందంటే నవంబరు ఆఖరు నుంచే మా వసారాలో పాటల సాధన మొదలయ్యేది. లాంతరు చుట్టూ పదిమంది, ఎవరి శ్రుతి ఎక్కడ జారుతోందో వేలెత్తి చూపిస్తూ మధ్యలో నాన్నగారు.

ఆ నెలంతా ఇంటికి ఒక్కో రోజుకు ఒక్కో వాసన ఉండేది. ముందు గోడలకు వేసే తడిసున్నం వాసన, తర్వాత వెదురు పుల్లల నక్షత్రానికి రంగుకాగితాలు అంటించే మైదా జిగురు వాసన, ఆ తర్వాత నానబెట్టిన బియ్యాన్ని రోట్లో పోసి దంచుతుంటే వచ్చే తడిపిండి వాసన, బెల్లం పాకం, అరిసెల మీద నువ్వులు. అన్నిటికన్నా ఆఖరున కేకు. ఇంట్లో పిండి కలిపి రేకు డబ్బాల్లో పోసుకుని బేకరీకి మోసుకెళ్ళి వరుసలో నిలబడేవాళ్ళం. మా డబ్బా మాకే రావాలని నేను మూత మీద మేకుతో గుర్తు గీసేదాన్ని. మధ్యాహ్నాలు వీధిలో తొక్కుడుబిళ్ళ. ఎవరో ఒకరి అమ్మ కేకేసేదాకా ఇంటి ముఖం చూసేవాళ్ళం కాదు.

ఆ ఏడు ఆ వాసనలన్నీ ఉన్నాయి కాని, గాలి వేరుగా ఉంది. పోలీసు యాక్షన్ అన్న మాట మాకు తర్వాత తెలిసింది. అప్పుడు అందరూ "మిలిట్రీ వచ్చింది" అనేవారు. సెప్టెంబరులో కొన్నాళ్ళు తలుపులు వేసుకుని కూర్చున్నాం. తర్వాత కొన్ని ఇళ్ళలో మిఠాయిలు పంచారు, కొన్ని ఇళ్ళ తలుపులు తెరుచుకోలేదు. మా వీధి మలుపులో అత్తరు, సుర్మా అమ్మే ముసలాయన దుకాణం అప్పుడు మూసింది, మళ్ళీ తెరవలేదు. బడిలో ఉర్దూ చెప్పే మున్షీగారు రావడం మానేశారు. జిల్లాల నుంచి వచ్చే కబుర్లను పెద్దవాళ్ళు మమ్మల్ని లోపలికి పంపి గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. మేము తలుపు వెనక నిలబడి వినేవాళ్ళం, సగం అర్థమయ్యేది.

డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం అమ్మ పాత చీరలు విప్పి పనికొచ్చేవీ రానివీ విడదీస్తుంటే, గేటు దగ్గర ఒకామె ఆగింది. అరవై ఏళ్ళుంటాయేమో. మోకాళ్ళ దాకా దుమ్ము, నెత్తిన వెలిసిన పచ్చరంగు ముసుగు, చంకలో చిన్న మూట.

"అమ్మా, జెర మంచినీళ్ళియ్యుండ్రి."

అమ్మ చెంబుతో ఇచ్చింది. ఆమె గోడ నీడకు చేరి, కూర్చుని తాగి, చెంబు బోర్లించి, విప్పి ఉన్న చీరల వైపు చూసింది. "గివి పారెయ్యకుండ్రి అమ్మా. మంచి బొంతయితది. నేను కుడ్త. కూలేమొద్దు, నాల్గు దినాలు ఇంత నీడ ఇయ్యుండ్రి."

ఆమె పేరు ఇమాంబీ. మెదక్ వైపు ఒక చిన్న ఊరు. దూదేకులవాళ్ళు. ఇంట్లో మగవాళ్ళు దూది ఏకితే ఆడవాళ్ళు పరుపులు, బొంతలు కుట్టేవారట. భర్త ఎప్పుడో పోయాడు. మిగిలింది ఒక్కడే కొడుకు, మదార్, పందొమ్మిదేళ్ళవాడు. అతన్ని లారీలో ఎక్కించుకుపోయారు. తిరుమలగిరిలో పటాలం వాళ్ళ దగ్గర ఉంచారని ఎవరో చెబితే నడిచి వచ్చింది. అక్కడ గేటు దగ్గర కాగితం ఉంటేనే అడగాలన్నారు. కాగితం ఇంగ్లీషులో ఉండాలన్నారు. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఆమెకెవరూ తెలియదు. ఈ ఊళ్ళో అసలు ఎవరూ తెలియదు.

అమ్మ ఆమెకు వెనక వసారాలో చాప వేసింది. సాయంత్రం నాన్నగారు బడి నుంచి వచ్చి విషయం విని, కాళ్ళు కడుక్కుని, కుర్చీలో కూర్చుని, కాగితం కిందకి అట్ట సరిచేసుకున్నారు. ఇమాంబీ స్తంభం పక్కన నిలబడింది.

పేరు అడిగారు. వయసు, ఊరు, తాలూకా అడిగారు. "ఏ తేదీన తీసుకెళ్ళారమ్మా?"

ఆమె మూటలోంచి నాలుగు మడతల చీటీ తీసింది. వాళ్ళ ఊరి పట్వారీ ఉర్దూలో రాసిచ్చింది. మాకెవరికీ ఉర్దూ చదవడం రాదు, కాని ఆమెకు అందులోది నోటికి వచ్చు. "ఆబాన్ ఇరవై, సారూ."

నైజాం సర్కారు కాగితాలన్నీ ఫసలీ అనే శిస్తు ఏడాది లెక్కలో నడిచేవి. ఆ నెలల పేర్లు వేరు. మేమున్న సికింద్రాబాదు చాలాకాలం ఇంగ్లీషు దొరల కింద ఉండడం వల్ల మాకు ఆ నెలలతో పని పడలేదు. అయినా నాన్నగారు తడబడలేదు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో కరణంగారి దగ్గర శిస్తు పుస్తకాలు నకలు రాసినవారు. ఫసలీ అంటే తనకు తెలిసిన విషయమే.

"ఆబాన్ ఎన్నో నెలమ్మా?"

"ఆఖరుది సారూ. దాని ఎన్క ఆజూర్ అస్తది. కొత్త ఏడు షురూ."

"ఆఖరి నెల," అన్నారు నాన్నగారు తృప్తిగా. మా గుంటూరు వైపు ఫసలీ జులై ఒకటిన మొదలై జూన్ ఆఖరుకు ముగుస్తుంది. ఆఖరి నెల కనుక జూన్. జూన్ ఇరవై అని ఆయన గుండ్రటి అక్షరాలతో రాశారు. పక్కన నిలబడి చూస్తున్న నాకు, ఎవరికీ తెలియని లెక్క మా నాన్నకు తెలుసని గర్వంగా ఉంది.

"అంతేనా సారూ?" అని అడిగింది ఇమాంబీ. ఆమె ఇంకేదో చెప్పడానికి నోరు తెరిచింది.

"అంతే చాలమ్మా. ఆఫీసువాళ్ళకు పేరూ, ఊరూ, తేదీ కావాలి. మిగతావి చెబితే విసుక్కుంటారు."

ఎవరు తీసుకెళ్ళారు, ఎందుకు అన్నది ఆయన కావాలనే అడగలేదు. ఆ రోజుల్లో అటువంటివి అడగకపోవడమే మర్యాద అని ఆయన అనుకున్నారు. ఆ మర్యాదను నేను ఇప్పటికీ తప్పు పట్టలేను.

మర్నాడు నాన్నగారే తిరుమలగిరి వెళ్ళి కాగితం ఇచ్చారు. తీసుకున్న గుమాస్తా అరవాయన, మనవాడే, అంటే క్రైస్తవుడు, అక్కడి పటాలం గుడిలో పాడతాడట, మద్రాసు కీర్తనల గురించి కాసేపు మాట్లాడుకున్నాం అని ఇంటికొచ్చి సంతోషంగా చెప్పారు. మూడో రోజున జవాబు వచ్చింది. జూన్‌లో పట్టుబడినవాళ్ళెవరూ తమ దగ్గర లేరు, అది పాత సర్కారు పోలీసుల పని అయి ఉంటుంది, హైదరాబాదు పట్నంలో జైలు దగ్గర విచారించుకోవలసింది.

నాన్నగారు ఇమాంబీకి ఇందులో సగమే చెప్పారు. "ఇక్కడ లేడటమ్మా. పట్నం జైల్లో అడగమన్నారు." ఎందుకు లేడన్నారో చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమె అప్పుడే ఏదో ఒకటి అని ఉండేది.

"గట్లనా," అంది ఆమె. చదువుకున్నవాళ్ళు ఇంగ్లీషులో అడిగితే వచ్చిన జవాబు అది.

అప్పటినుంచి ఆమె రోజూ తెల్లవారకముందే లేచి, టాంక్‌బండ్ మీదుగా పట్నం నడిచి వెళ్ళి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చేది. అమ్మ రెండు జొన్నరొట్టెలు, చింతకాయ పచ్చడి మూటగట్టి ఇచ్చేది. సాయంత్రం చూస్తే ఒక రొట్టె అలాగే తిరిగి వచ్చేది. మా ఇంట్లో చక్రాలు, కజ్జికాయలు వండుతున్న రోజులవి. పళ్ళెంలో పెట్టి ఇస్తే చేత్తో తాకి పక్కన పెట్టేది. "వాడు తిన్నడో లేదో అమ్మా. నోట్లకు పోదు."

"ఏమన్నారు అవ్వా?" అని నేను ఎదురెళ్ళి అడిగేదాన్ని.

"రేపు రమ్మన్నరు బిడ్డా."

ఎన్ని రేపులు గడిచాయో నేను లెక్కపెట్టలేదు. బడికి సెలవులిచ్చారు. ఇంటి ముందు నక్షత్రం కట్టాం. ఇమాంబీ అలా వెళ్ళి వస్తూనే ఉంది. పక్కింటి రాజలింగం గారు ఒకరోజు నాన్నగారితో, "సారూ, మీరు పుణ్యానికి పోతున్నరు గని, గిసొంటోళ్ళను ఇంట్ల వెట్టుకుంటె రేపెవరన్న మిమ్ముల అడుగుతరు, జెర చూసుకోండ్రి," అన్నారు. ఆయన రైల్వేలో గార్డు. చెడ్డవాడు కాదు, అప్పుడు అందరూ అలాగే భయపడేవారు. "అడిగితే చెబుదాం లెండి, బొంత కుడుతోందని," అన్నారు నాన్నగారు.

పండగ ముందు రోజు ఇమాంబీ పట్నం వెళ్ళలేదు. కాళ్ళు వాచి నేల మీద ఆనడం లేదు. అమ్మ వేడినీళ్ళలో ఉప్పు వేసి కాళ్ళు పెట్టించింది. తర్వాత ఆమె వెనక వసారా ఎండలో కాళ్ళు చాపుకుని, ఇన్నాళ్ళూ పక్కన పడేసిన బొంత ముందుకు లాక్కుంది. నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, అంచు నుంచి మధ్యకు చుట్లు చుట్లుగా కుట్టుకొస్తోంది. నేనూ ఒక సూది పట్టుకుని రెండో అంచు దగ్గర కూర్చున్నాను.

ఆమె కాసేపు చూసి, "గిదేం కుట్టు బిడ్డా, ఎలుక ఉర్కినట్టున్నది," అంది. అన్ని రోజుల్లో ఆమె నవ్వడం నేను అప్పుడే చూశాను. నా చేయి పట్టుకుని సూది ఎక్కడ ముంచాలో, ఎక్కడ తేల్చాలో చూపించింది. ఆమె వేళ్ళ చివర్లు గరుకుగా, గోళ్ళు పొట్టిగా ఉన్నాయి.

కొంతసేపటికి తనలో తాను అనుకుంటున్నట్టు మొదలుపెట్టింది. "ఆ దినం సుత గిట్లనే గుడిసె ముంగట బొంత పర్సుకొని కుడుతున్న. బతుకమ్మ దగ్గర వడ్డదని మా ఊరి ఆడపోరగాండ్లు తంగేడు చెట్లు ఏడేడ మొగ్గ వట్టినయో చూసుకుంట తిర్గుతున్నరు. వాళ్ళే ఉర్కొచ్చిన్రు. అవ్వా, మదార్‌ను లారీ ఎక్కిచ్చుకున్నరు అని. నేను సూది ఇడ్సిపెట్టి ఉర్కిన. లారీ దుమ్ము మట్టుకే కనవడ్డది."

నేను కుట్టడం ఆపాను. బతుకమ్మ మా వీధిలో పిల్లలూ ఆడేవారు. నాకది దసరా సెలవుల పండగ. జూన్ అంటే కొత్త పుస్తకాలు, మొదటి వాన. జూన్‌లో బతుకమ్మ ఎలా దగ్గర పడుతుంది?

"ఏ బతుకమ్మ అవ్వా? పోయినేడుదా?"

"పోయినేడుది ఎందుకైతది బిడ్డా? మొన్నటిదే. మిలిట్రీ అచ్చినంక."

నాన్నగారు ముందు వసారాలో పాటల కాగితాలు వరుస పెట్టుకుంటున్నారు. ఆ సాయంత్రం బృందంతో ఇంటింటికీ వెళ్ళి పాడాలి. నేను వెళ్ళి చెప్పాను. ముందు ఆయన తల ఎత్తలేదు. "పెద్దామె, మరిచిపోయి ఉంటుంది. ఆఖరి నెల జూనే." తర్వాత, "మిలిట్రీ వచ్చాక అందా?" అని అడిగారు. అవునన్నాను. ఆయన కాగితాలు కింద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి నడిచారు. నేను వెనకే వెళ్ళాను.

రాజలింగం గారి గోడకు సర్కారువారి పాత క్యాలెండరు వేలాడుతోంది.

"ఏంది సారూ, పండుగ పూట క్యాలెండర్ మీద వడ్డరు?"

"ఆబాన్ ఎప్పుడొస్తుందండీ?"

"సప్టెంబర్ల షురూ అయితది. అక్టోబర్ల ఆజూర్, కొత్త సాలు." ఆయన నవ్వారు. "లెక్కల సారుకే నెలలు తెల్వకపాయెనా!"

"మా వైపు ఫసలీ జులైలో మొదలవుతుంది."

"మీ దిక్కుది మీకు, మా సర్కారుది మాకు సారూ. పేరొక్కటే."

నాన్నగారు క్యాలెండరు మీద వేలు పెట్టి గళ్ళు లెక్కపెట్టారు. రెండోసారి లెక్కపెట్టారు. రాజలింగం గారి నవ్వు ఆగిపోయింది.

ఇంటికొచ్చి ఆయన వెనక వసారాలో ఇమాంబీ ఎదురుగా నేల మీద కూర్చున్నారు. పరాయివాళ్ళ ముందు ఆయన నేల మీద కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఆమె కంగారుపడి కాళ్ళు ముడుచుకోబోయింది. "కదలకమ్మా. మొదటినుంచీ చెప్పు. ఆ రోజు ఎండా, వానా, ఎవరొచ్చారు, ఏమన్నారు, అన్నీ. నేను మధ్యలో మాట్లాడను."

ఆమె చెప్పింది. మదార్ ఊరి బయట బంగళాలో రజాకార్లు దిగినప్పుడు వాళ్ళకు పరుపులు, దిండ్లు కుట్టాడు. "పని చెప్పిన్రు, చేసిండు సారూ. వాడు వట్టింది దూదేకే విల్లు, తుపాకి గాదు." మిలిట్రీ వచ్చాక ఆ బంగళాలోకి రాకపోకలున్నవాళ్ళ పేర్లు ఎవరో చెప్పారు. అందులో అతని పేరూ ఉంది. లారీ ఎక్కేటప్పుడు వాడి మీద చొక్కా కూడా లేదట, దూది ఏకుతున్నవాణ్ణి ఏకుతున్నట్టే తీసుకుపోయారట. ఎడమ చెవి కింద కాలిన మచ్చ ఉంది.

పాటల బృందం గేటు దగ్గరకొచ్చి పిలిచారు. సుగుణమ్మ అత్తయ్య లోపలికి తొంగిచూసి, "ఏమండీ మాస్టారూ, ఎత్తుకునేవారే రాకపోతే మేం ఊరకే నోళ్ళు తెరుచుకుని తిరగాలా?" అంది. నాన్నగారు తల తిప్పకుండానే, "మీరు పదండి," అన్నారు. పాటలు వీధి చివరికి వెళ్ళి, మలుపు తిరిగి, వినబడకుండా పోయేదాకా ఆయన రాస్తూనే ఉన్నారు. రాసిందంతా తెలుగులో ఆమెకు చదివి వినిపించి, సరేనా అని అడిగి, అప్పుడు ఇంగ్లీషులో రాశారు.

పండగనాడు ఆఫీసు ఉండదు. కాని ఆ గుమాస్తా పాడే గుడి ఉంటుంది. క్రిస్మస్ ఉదయం నాన్నగారు మా గుడి మానేసి, కొత్తబట్టల్లో ఉన్న నన్ను వెంటబెట్టుకుని తిరుమలగిరి నడిచారు. మంచు ఇంకా విడలేదు. రోడ్డు పక్క గడ్డి మీద తెల్లగా ఉంది, నా కొత్త చెప్పులు తడిసి జారాయి. రాతిగుడి బయట చెట్టు కింద నిలబడ్డాం. లోపల పాడుతున్న పాట మాకూ వచ్చినదే, రాగం అదే, మాటలు ఇంగ్లీషు. నాన్నగారి పెదవులు కదల్లేదు.

గుమాస్తా కోటు వేసుకుని పాటల పుస్తకం పట్టుకుని బయటికొచ్చాడు. నాన్నగారు ముందు తన తప్పు చెప్పి, తర్వాత కాగితం ఇచ్చారు. అతను గుడి ముందు నిలబడ్డ తన భార్యాపిల్లల వైపు ఒకసారి చూసి, మమ్మల్ని ఆఫీసుకు తీసుకెళ్ళి, తాళం తీయించి, పెద్ద రిజిస్టరు తెరిచాడు. వేలు పేజీ మీద కిందికి జారుతూ జారుతూ ఒక చోట ఆగింది.

మదార్ అక్టోబరు నుంచి అక్కడే ఉన్నాడు. నాలుగు రోజుల కింద కొందరితో కలిపి నాందేడ్ దాటాక ఒక ఊళ్ళో జైలుకు పంపేశారు.

"సరైన తేదీ ఇచ్చి ఉంటే ఆ రోజే చెప్పేవాణ్ణి సార్," అన్నాడు గుమాస్తా. నిష్ఠూరంగా అనలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఇంటికొచ్చే దారిలో నాన్నగారు ఒకచోట ఆగి, మళ్ళీ నడిచారు. ఇంట్లో పులావు దమ్ముకు వేసి ఉంది. అమ్మ గరిటెతోనే బయటికొచ్చింది. ఇమాంబీ గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"తప్పు నాదమ్మా," అన్నారు నాన్నగారు. "నువ్వు సరిగ్గానే చెప్పావు. నెల నేను తప్పు రాశాను. నీ కొడుకు నాలుగు రోజుల కిందటిదాకా ఇక్కడే, తిరుమలగిరిలోనే ఉన్నాడు. ఇప్పుడు దూరం పంపించేశారు."

"ఉన్నడా?"

"ఉన్నాడు."

"పానంతోని?"

"ప్రాణంతోనే. పేరు నా కళ్ళతో చూశాను. ఊరి పేరూ ఉంది."

ఆమె మెల్లగా కూర్చుంది. "గదే గద సారూ నేనడిగింది." తర్వాత అమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఇంత బువ్వ పెట్టుండ్రి," అంది.

అమ్మ విస్తరి నిండా వడ్డించింది. ఆమె తల వంచుకుని, మెతుకు కింద పడకుండా, తొందర లేకుండా అంతా తిన్నది. చేయి కడుక్కున్నాక, పైట చెంగుతో తుడుచుకుంటూ అడిగింది. "నేను పట్నం తిర్గినన్ని దినాలు, వాడు గీడ గోడ అవతలనే ఉండెనా సారూ?"

నాన్నగారు అవునన్నారు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ పాట పాడలేదు.

మూడో రోజు ఆమెను రైలెక్కించాం. మనుషుల మూటలూ, సిపాయిల పెట్టెలూ ఎక్కిన బోగీలో కిటికీ పక్కన కాస్త చోటు దొరికింది. అమ్మ అరిసెలు కట్టి ఇచ్చింది. సగం కుట్టిన బొంతను కూడా, చలికి కొడుక్కు పనికొస్తుందని, సూదీ దారంతో సహా ఇచ్చేసింది. నాన్నగారు కాగితం మూడు నకళ్ళు రాసి, ఒకటి పోతే ఒకటి ఉంటుందని మూడు చోట్ల దాచుకోమన్నారు. అక్కడి వాళ్ళది మరాఠీ, నీకు తెలుగు తప్ప రాదు, ఎలా అడుగుతావమ్మా అంటే, "ఈడ నాకెవరెర్క సారూ? అడగలేదా?" అంది. రైలు కదిలేటప్పుడు నా తల మీద చేయి వేసి, "కుట్టు దగ్గర దగ్గర వెయ్యి బిడ్డా," అంది.

ఎండాకాలంలో ఒక పోస్టుకార్డు వచ్చింది, మరాఠీలో. చదివేవాళ్ళ కోసం నాన్నగారు బజారంతా తిరిగారు. మదార్ తల్లి చెప్పి రాయించినది అని ఉంది. కొడుకును చూసింది. చిక్కిపోయాడు. శుక్రవారం శుక్రవారం చూడనిస్తున్నారు. ఒకరింట్లో బొంతలు కుడుతూ ఉంటోంది. అంతే. కింద పేరు తప్ప చిరునామా లేదు.

ఆ తర్వాత ఆమె నుంచి ఏ కబురూ లేదు. నాన్నగారు మాత్రం రాస్తూనే ఉన్నారు. జైలుకు, కలెక్టరుకు, విడుదలల పని చూసే ఆఫీసులకు, ఏడాదికి రెండు మూడు ఉత్తరాలు. మదార్ విడుదలయ్యాడా, తల్లీకొడుకులు ఊరు చేరారా అని. ప్రతి ఉత్తరంలోనూ సెప్టెంబరు అని రాసి, పాత కాగితాలు వెతికేవాళ్ళకు దొరుకుతుందని పక్కన ఆబాన్ ఇరవై అని కూడా రాసేవారు. ఈలోగా సర్కారు మారింది, ఫసలీ క్యాలెండర్లు గోడల మీంచి దిగిపోయాయి, రాష్ట్రమే మూడు ముక్కలయింది, ఆ జైలున్న ఊరు వేరే రాష్ట్రంలోకి వెళ్ళింది. ఆయన రిటైరైన ఏడు ఒక ఆఫీసు నుంచి మర్యాదగా జవాబు వచ్చింది. మీ లేఖలో పేర్కొన్న ఆబాన్ అన్నది వ్యక్తి పేరో, గ్రామం పేరో తెలియజేయవలసిందిగా కోరుతున్నాము. నాన్నగారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివి, మడిచి, బల్ల సొరుగులో పెట్టారు. అదే ఆఖరు.

మొన్న యాప్రాల్ నుంచి ఇంటికి కారులో తిరుమలగిరి మీదుగా వచ్చాను. ఆ పిల్లే నడిపింది. దారి పొడుగునా పటాలం గోడలు, తెల్లసున్నం కొట్టినవి, ముళ్ళతీగ చుట్టినవి, ఎత్తు పెంచినవి, మళ్ళీ కట్టినవి. కాసేపు ఆపమందామని ఆ పిల్ల వైపు తిరిగాను. ఏ గోడ దగ్గర ఆపమనాలో నాకు తెలియలేదు.